ఒకే కంప్యూటర్‌లో బహుళ లినక్స్ పంపిణీల స్థాపన: తెలుగు పరిశోధకుల అవసరాల దృష్ట్యా ఒక వివరణ

వ్యాససంగ్రహం:
ఒకే కంప్యూటర్‌లో విండోస్‌తో పాటు రెండు లేదా మూడు లినక్స్ పంపిణీలను స్థాపించుకొని, అవసరాన్ని బట్టి ఒకదానిని ఎంచుకొని నడుపుకొనే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. డిస్కు విభజన, బూట్‌లోడర్ల మధ్య ఏర్పడే ఘర్షణ, దత్తాంశ భద్రత అనే మూడు అంశాలపై ప్రధానంగా దృష్టి నిలుపుతుంది. గ్రామీణ ప్రాంతంలో నివసిస్తూ పాత కంప్యూటర్‌పై సిద్ధాంతగ్రంథం రచిస్తున్న తెలుగు పరిశోధకుని పరిస్థితిని ఆధారంగా చేసుకొని చర్చ సాగుతుంది.

కీలకపదాలు: లినక్స్, ద్వంద్వ బూటింగ్, పార్టిషన్, గ్రబ్, యూఈఎఫ్ఐ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, తెలుగు యూనికోడ్, జి. కొండూరు.

1. ప్రవేశిక:

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ అందించే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 నడవాలంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా సాధనం, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్, ఆ సంస్థ ఆమోదించిన జాబితాలోని ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ జాబితా, స్వల్ప మినహాయింపులతో, ఎనిమిదవ తరం నుండి మొదలవుతుంది. అంతకు ముందు కొన్న యంత్రాలు చక్కగా పనిచేస్తున్నప్పటికీ అధికారికంగా అనర్హాలే. ఈ నిబంధన ఎక్కువగా తాకేది మహానగరాలలోని కార్యాలయాలను కాదు. ఒకసారి కొన్న కంప్యూటర్‌ను పది పన్నెండేళ్లు వాడుకొనే ఇళ్లను.

ఎన్టీఆర్ జిల్లాలోని జి. కొండూరు అటువంటి ఇళ్లున్న మండలకేంద్రం. విజయవాడ నుండి ఇబ్రహీంపట్నం, కొండపల్లి మీదుగా మైలవరం, తిరువూరు వైపు సాగే రహదారిపై ఉన్న ఈ ఊరు నూజివీడు మామిడి ప్రాంతంలోనిదే. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నూజివీడు ఏలూరు జిల్లాకు, జి. కొండూరు ఎన్టీఆర్ జిల్లాకు చేరినా తోటల వరుస జిల్లా సరిహద్దును పట్టించుకోలేదు. ఒకవైపు మైలవరంలో ఇంజనీరింగు కళాశాల, మరొకవైపు నూజివీడులో 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉన్నాయి. కనుక ఈ పరిసరాలలో కంప్యూటర్ పరిజ్ఞానానికి కొరత లేదు. అయితే తెలుగు, చరిత్ర, సామాజిక శాస్త్రాల అధ్యాపకులకు, పరిశోధకులకు ఆ పరిజ్ఞానం వారి భాషలో, వారి అవసరానికి తగినట్లు అందడం అరుదు. ఇక్కడ నివసిస్తూ రోజూ విజయవాడకు బోధనకు వెళ్లివచ్చే ఒక అధ్యాపకుడు, నాలుగు జీబీల ర్యామ్, 500 జీబీల డిస్కు ఉన్న పాత కంప్యూటర్‌పై సిద్ధాంతగ్రంథం రాస్తున్నాడని ఊహిద్దాం. ఆ డిస్కులో నాలుగేళ్ల క్షేత్రపర్యటన సామగ్రి ఉంది. దానిని కోల్పోకుండా ఆ యంత్రానికి మరి కొన్నేళ్ల ఆయుర్దాయం కల్పించడమే ఇక్కడి సమస్య.

2. ఒకటి చాలదా? అనేకం ఎందుకు?

లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రకటించిన లినక్స్, వాస్తవానికి కెర్నెల్ మాత్రమే. దానికి గ్నూ ఉపకరణాలు, డెస్క్‌టాప్, అక్షరరూపాలు, స్థాపన సాధనం జోడించి వాడుకకు అనువుగా అందించే కూర్పును పంపిణీ లేదా డిస్ట్రో అంటారు. 1993లో మొదలైన డెబియన్, 2003లో వచ్చిన ఫెడోరా, 2004లో వచ్చిన ఉబుంటు, 2006లో వచ్చిన లినక్స్ మింట్ వీటిలో సుపరిచితాలు. తెలుగు నేలపై స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమంగా రూపొందిన స్వేచ్ఛ సంస్థ తెలుగు ముఖాంతరంతో తన పేరుతోనే ఒక పంపిణీని వెలువరించింది. కేంద్రప్రభుత్వ సంస్థ సి-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ డెబియన్ పునాదిపై నిర్మితమై భారతీయ భాషలకు ప్రాధాన్యమిచ్చింది. ద్వంద్వ బూటింగ్ పెద్ద ఎత్తున అమలైన ఉదాహరణ పొరుగు రాష్ట్రంలో ఉంది. తమిళనాడు ప్రభుత్వం 2011లో ప్రారంభించిన ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో విద్యార్థులకిచ్చిన యంత్రాలలో విండోస్, బాస్ రెండూ ఉండేవి. నిపుణులకే పరిమితమనుకొనే ఈ ఏర్పాటు బడిపిల్లల చేతులలోకి అలా చేరింది.

తెలుగు పరిశోధకునికి ఒకటి కంటె ఎక్కువ వ్యవస్థలు అవసరమయ్యే కారణాలు స్పష్టమే. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పాత వ్యాసాలు తెరవడానికి విండోస్ కావాలి. నిత్యం రాసుకొనడానికి తరచుగా మారని, స్థిరమైన డెబియన్ వంటి పంపిణీ అనుకూలం. కొత్త లిపి సాధనాలను, అక్షర గుర్తింపు సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి ఆరునెలలకొకసారి కొత్త రూపం వచ్చే ఫెడోరా వంటిది కావాలి. ఒకే వ్యవస్థలో మరొకదానిని కాల్పనిక యంత్రంగా నడపవచ్చు. అదే సులభం కూడా. కాని అతిథి వ్యవస్థకు రెండు జీబీలు ఇచ్చేస్తే నాలుగు జీబీల యంత్రంలో ఆతిథేయికి మిగిలేదేమీ ఉండదు. విడివిడిగా స్థాపించుకొంటే నడుస్తున్న వ్యవస్థకు మొత్తం ర్యామ్ దక్కుతుంది.

మామిడి రైతులకు ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. ముదురు నాటుచెట్టు ఒక కొమ్మకు బంగినపల్లి, మరొక కొమ్మకు చిన్నరసం అంటుకట్టడం వారెరిగినదే. వేరు ఒకటే, కాపు వేరు. పోలిక అంతవరకే చెల్లుతుంది: కంప్యూటర్‌లో ఒక సమయంలో ఒక కొమ్మే కాస్తుంది.

3. డిస్కు విభజన:

ఈ ప్రక్రియలో దత్తాంశం పోయే ప్రమాదమంతా ఇక్కడే ఉంది. అందువల్ల మొదటి పని విభజన కాదు, నకలు తీయడం. సిద్ధాంతగ్రంథ ప్రకరణాలు, ధ్వనిముద్రణలు, ఛాయాచిత్రాలు అన్నింటినీ బయటి హార్డ్‌డిస్కులోకి చేర్చి, దానిని వేరొక కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. తెరిచి చూడని నకలును నకలుగా లెక్కించకపోవడం మంచిది. పార్టిషన్ పరిమాణాన్ని కుదించే సమయంలో విద్యుత్తు పోతే ఫైల్ వ్యవస్థ మధ్యలో తెగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మామిడికాయలను రాల్చే ఈదురుగాలే విద్యుత్తు తీగలనూ తెంపుతుంది కనుక ఈ ప్రాంతంలో ఆ పని యూపీఎస్ అండతోనో, నిండుగా ఛార్జ్ అయిన ల్యాప్‌టాప్ బ్యాటరీతోనో చేయడం వివేకం.

పాత కంప్యూటర్లలో బయోస్, ఎంబీఆర్ పద్ధతి ఉంటుంది. డిస్కు తొలి సెక్టారులో ఉండే 512 బైట్లలో 446 బైట్లు బూట్ సంకేతానికి, 64 బైట్లు పార్టిషన్ పట్టికకు, చివరి రెండు గుర్తింపు ముద్రకు కేటాయించారు. ఒక్కో పార్టిషన్ వివరానికి 16 బైట్లు పడుతుంది కనుక పట్టికలో నాలుగింటికే చోటు. ఎంబీఆర్ డిస్కులో నాలుగు ప్రధాన పార్టిషన్లే ఉండగలవన్న పరిమితికి మూలం ఈ చిన్న లెక్క. నాలుగింటిలో ఒకదానిని విస్తృత పార్టిషన్‌గా మార్చి, దానిలోపల ఎన్నో ఉపవిభాగాలు కల్పించుకోవచ్చు; లినక్స్ వాటిలో కూడా నిరభ్యంతరంగా నడుస్తుంది. కొత్త యంత్రాలలోని జీపీటీ పద్ధతిలో సాధారణంగా 128 పార్టిషన్లకు చోటుంటుంది కనుక ఆ ఇబ్బంది లేదు.

విండోస్ ఆక్రమించిన స్థలాన్ని కుదించడానికి విండోస్‌లోనే ఉన్న డిస్క్ మేనేజ్‌మెంట్‌ను ఉపయోగించడం సురక్షితం. తన ఫైళ్లలో ఏవి కదపరానివో దానికే తెలుసు. అంతకు ముందు రెండు అంశాలు చక్కదిద్దుకోవాలి. మొదటిది ఫాస్ట్ స్టార్టప్. ఇది అమలులో ఉన్నప్పుడు విండోస్ పూర్తిగా ఆగదు. సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో దాని పార్టిషన్‌లో లినక్స్ రాయడానికి పూనుకొంటే ఫైళ్లు చెడే అవకాశం ఉంది. రెండవది బిట్‌లాకర్. గోప్యీకరణ అమలులో ఉంటే దానిని తాత్కాలికంగా నిలిపి, పునరుద్ధరణ తాళంచెవి సంఖ్యను కాగితంపై రాసి ఉంచుకోవాలి. బూట్ క్రమం మారగానే విండోస్ ఆ సంఖ్యను అడగవచ్చు. అది లేకపోతే లోపలి దత్తాంశం ఉన్నా లేనట్లే.

స్థల కేటాయింపు ఎలా ఉండవచ్చునో చూద్దాం. అమ్మకందారు 500 జీబీలని చెప్పే డిస్కు, 1024 గుణిజాలలో లెక్కించే కంప్యూటర్‌కు సుమారు 465 జీబీలుగా కనిపిస్తుంది. ఇందులో బూట్ ఫైళ్లుండే ఈఎస్‌పీ పార్టిషన్‌కు 1, విండోస్‌కు 150, మూడు లినక్స్ పంపిణీల మూల పార్టిషన్లకు 40 చొప్పున 120, స్వాప్‌కు 8 కేటాయిస్తే 186 జీబీలు మిగులుతాయి. ఆ మిగిలినదంతా ఉమ్మడి దత్తాంశ పార్టిషన్. విండోస్ తనకోసం ఏర్పరచుకొనే ఈఎస్‌పీ తరచు 100 ఎంబీలే ఉంటుంది. మూడు పంపిణీల బూట్‌లోడర్లు అందులో ఇముడుతాయి. అయితే కొన్ని పంపిణీలు కెర్నెళ్లను కూడా అక్కడే ఉంచుతాయి కనుక మొదటినుండి స్థాపించుకొనేవారు 1 జీబీ ఇవ్వడం మేలు.

4. స్థాపన, బూట్‌లోడర్ల సహవాసం:

స్థాపనకు పంపిణీ వారి అధికారిక స్థానం నుండి ఐఎస్ఓ ఫైల్‌ను దించుకొని, ప్రకటించిన షా-256 సంఖ్యతో సరిచూసుకోవాలి. వెంటోయ్ అనే సాధనంతో ఒకే పెన్‌డ్రైవ్‌లో అనేక ఐఎస్ఓలను ఉంచుకోవచ్చు. ఉబుంటు, మింట్, ఫెడోరా వంటివి డిస్కును ముట్టకుండా పెన్‌డ్రైవ్ నుండే నడిచే సౌకర్యాన్నిస్తాయి. వైఫై పనిచేస్తున్నదా, శబ్దం వస్తున్నదా, తెలుగు సరిగా కనిపిస్తున్నదా అన్న పరీక్షలు ఆ దశలోనే ముగించాలి. 2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12 నుండి స్వేచ్ఛాయుతం కాని ఫర్మ్‌వేర్‌ను కూడా స్థాపన మాధ్యమంలో చేర్చడంతో వైఫై సమస్య చాలా తగ్గింది. 32 బిట్ల యంత్రమున్నవారికి మాత్రం దారులు మూసుకుపోతున్నాయి. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13లో ఆ యంత్రాలకు స్థాపన సాధనం లేదు.

స్థాపన సాధనం చూపే మార్గాలలో డిస్కు మొత్తాన్ని తుడిచివేసేది కూడా ఉంటుంది. తొందరలో దానిని ఎంచుకొన్నవారి నష్టం చెప్పనలవి కాదు. ఎల్లప్పుడూ స్వయంగా విభజించుకొనే మార్గాన్నే ఎంచుకొని, తమకు కేటాయించిన మూల పార్టిషన్‌ను మాత్రమే ఫార్మాట్ చేయాలి. ఈఎస్‌పీని ఎంచుకోవాలి గాని ఫార్మాట్ చేయరాదు. విండోస్ మొదట, లినక్స్ పంపిణీలు తరువాత అన్న క్రమం పాత బయోస్ యంత్రాలలో దాదాపు తప్పనిసరి. విండోస్ స్థాపన సాధనం తొలి సెక్టారులోని బూట్ సంకేతాన్ని అడగకుండానే తనదిగా మార్చుకొంటుంది.

యూఈఎఫ్ఐలో పరిస్థితి మెరుగు. ఈఎస్‌పీలో ప్రతి వ్యవస్థకు తన పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది: విండోస్‌కు మైక్రోసాఫ్ట్, డెబియన్‌కు డెబియన్, ఫెడోరాకు ఫెడోరా. వాటి వరుసక్రమాన్ని ఫర్మ్‌వేర్ తన జ్ఞాపకంలో భద్రపరుస్తుంది. ఒకే వీధిలో వేర్వేరు ఇళ్లున్నట్లు ఇవి పరస్పరం అడ్డురావు. ఒక మినహాయింపు మాత్రం తరచు చిక్కు తెస్తుంది. ఉబుంటు ఆధారిత లినక్స్ మింట్ కూడా ఉబుంటు అనే ఫోల్డర్‌నే వాడుకొంటుంది. రెండింటినీ ఒకే యంత్రంలో స్థాపిస్తే తరువాత వచ్చినది ముందున్నదాని బూట్ ఫైళ్లపై రాసేస్తుంది; ఆ తరువాత ఏది నవీకరించబడితే దాని మాట చెల్లుతుంది. అందువల్ల ఒకే కుటుంబంలోని రెండింటిని కాక డెబియన్, ఫెడోరా, ఉబుంటు వంటి వేర్వేరు ఫోల్డర్లు గలవాటిని ఎంచుకోవడం తెలివైన పని.

ప్రతి పంపిణీ గ్రబ్ అనే బూట్‌లోడర్‌తో వస్తుంది. మూడు పంపిణీలుంటే మూడు గ్రబ్‌లుంటాయి. ఫర్మ్‌వేర్ వరుసలో ముందున్నదే పట్టికను చూపిస్తుంది. ఇతర వ్యవస్థలను వెదికి ఆ పట్టికలో చేర్చేది ఓఎస్-ప్రోబర్ అనే సాధనం. భద్రతా కారణాల వల్ల 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుండి మూలరూపంలో దానిని అప్రమేయంగా నిలిపివేశారు. నిన్నటివరకు కనిపించిన విండోస్ కొత్త స్థాపన తరువాత పట్టికలో కనిపించకపోతే, అది చెరిగిపోయిందని కంగారుపడనక్కరలేదు. గ్రబ్ అమరికల ఫైల్‌లో ఓఎస్-ప్రోబర్ నిషేధాన్ని తొలగించి పట్టికను పునర్నిర్మిస్తే చాలు. డెబియన్, ఉబుంటులలో ఆ పనికి అప్‌డేట్-గ్రబ్ ఆదేశం, ఫెడోరాలో గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్ ఆదేశం ఉన్నాయి.

ఇంతకంటె సూక్ష్మమైన సమస్య కెర్నెల్ నవీకరణలతో వస్తుంది. పట్టిక డెబియన్ అధీనంలో ఉందనుకొందాం. ఫెడోరా తన కెర్నెల్‌ను నవీకరించుకొని పాతదానిని తొలగించినా ఆ విషయం డెబియన్ పట్టికకు తెలియదు. పట్టిక పాత చిరునామానే చూపుతుంది, ఫెడోరా తెరుచుకోదు. దీనికి పరిష్కారం చెయిన్‌లోడింగ్. డెబియన్ పట్టికలో ఫెడోరా కెర్నెల్‌ను కాక ఫెడోరా గ్రబ్‌నే సూచిస్తే, తన ఇంటి సంగతి తానే చూసుకొంటుంది. ఆ మాత్రం అమరిక కూడా కష్టమనుకొనేవారు కంప్యూటర్ ఆరంభమయ్యేటప్పుడు తయారీదారు నిర్దేశించిన మీట నొక్కి ఫర్మ్‌వేర్ జాబితాలోనే ఎంచుకోవచ్చు. నిజానికి మానవీయశాస్త్రాల పరిశోధకులకు ఇదే ఉత్తమం; ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదు.

సెక్యూర్ బూట్ విషయంలో 2024 ఆగస్టు నాటి ఉదంతం గమనార్హం. లినక్స్ పంపిణీలు సెక్యూర్ బూట్‌లో నడవడానికి మైక్రోసాఫ్ట్ సంతకమున్న షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ తోడ్పడుతుంది. బలహీనతలున్న పాత బూట్‌లోడర్లను నిరోధించడానికి ఆ నెల విండోస్ భద్రతా నవీకరణలో ఎస్‌బ్యాట్ అనే నియమావళిని చేర్చారు. ద్వంద్వ బూటింగ్ ఉన్న యంత్రాలకు అది వర్తించదని ముందుగా చెప్పినా, కొన్ని యంత్రాలలో వర్తించి లినక్స్ తెరుచుకోవడం ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్ కూడా ఆ సమస్యను అంగీకరించింది. అటువంటప్పుడు సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి ప్రవేశించి, షిమ్‌ను నవీకరించి, తిరిగి దానిని అమలుచేయాలి. సిద్ధాంతగ్రంథ సమర్పణ గడువు దగ్గరపడినప్పుడు ఏ వ్యవస్థనూ నవీకరించకుండా ఉండటం ఈ ఉదంతం దృష్ట్యా సమంజసం.

5. ఉమ్మడి ఆస్తి:

హోమ్ పార్టిషన్‌ను అన్ని పంపిణీలకు ఉమ్మడిగా ఉంచాలన్న ఆలోచన ఆకర్షణీయంగా ఉంటుంది గాని మంచిది కాదు. అందులో ఫైళ్లతో పాటు ప్రోగ్రాముల అంతర్గత అమరికలు కూడా ఉంటాయి. ఫెడోరాలోని కొత్త లిబ్రేఆఫీస్ మార్చిన అమరికను డెబియన్‌లోని పాతది అర్థంచేసుకోలేకపోవచ్చు. కనుక హోమ్ ఎవరిది వారికి, దత్తాంశం అందరికీ. ఉమ్మడి పార్టిషన్‌ను ఎక్స్ట్4 పద్ధతిలో రూపొందిస్తే యాజమాన్యపు లెక్క పేరును బట్టి కాక సంఖ్యను బట్టి నడుస్తుంది. డెబియన్, ఉబుంటు, ఫెడోరాలలో మొదటి వాడుకరికి వచ్చే సంఖ్య 1000 కనుక అన్నింటిలోనూ మొదటి వాడుకరిగా చేరినవారికి ఇబ్బంది ఉండదు. విండోస్‌లో ఎక్స్ట్4 సహజంగా తెరుచుకోదు. అది ఒకవిధంగా మేలే; అను ఫాంట్ల పాత ఫైళ్లను విండోస్‌లోనే ఉంచి, లినక్స్ నుండి ఆ పార్టిషన్‌ను చదవడానికి మాత్రమే అనుమతిస్తే రెండు వైపులా భద్రత.

స్వాప్ పార్టిషన్‌ను పంచుకోవచ్చు. అయితే ఒక పంపిణీని హైబర్నేట్ చేసి మరొకదానిని తెరిస్తే, స్వాప్‌లో దాచిన మొదటిదాని స్థితి చెరిగిపోతుంది. మరొక చిక్కు కూడా ఉంది. కొత్త పంపిణీ స్థాపన సాధనం స్వాప్‌ను మళ్లీ ఫార్మాట్ చేస్తే దాని గుర్తింపు సంఖ్య మారుతుంది. పాత పంపిణీ ఆ పాత సంఖ్య కోసం బూట్ సమయంలో తొంభై సెకన్లు ఎదురుచూస్తుంది. కంప్యూటర్ ముసలిదైపోయిందని చాలామంది భావించే ఆ జాప్యానికి కారణం ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లోని ఒక్క పంక్తి.

గడియారం సంగతి భారతీయులకు ప్రత్యేకం. కంప్యూటర్‌లోని అంతర్గత గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగానూ, లినక్స్ అంతర్జాతీయ ప్రామాణిక సమయంగానూ పరిగణిస్తాయి. లినక్స్ సరిచేసిన తరువాత విండోస్ తెరిస్తే గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు వెనుకబడి ఉంటుంది. ఫైళ్ల తేదీలే ఆధారంగా ప్రకరణాల తాజా ప్రతిని గుర్తించేవారికి ఇది చిన్న సమస్య కాదు. టైమ్‌డేట్‌సీటీఎల్ సాధనంతో లినక్స్‌లను స్థానిక సమయానికి మార్చవచ్చు, లేదా విండోస్ రిజిస్ట్రీలో దానినే ప్రామాణిక సమయానికి మార్చవచ్చు. రెండవదే మేలు. లినక్స్ పంపిణీలు మాత్రమే ఉన్న యంత్రంలో ఈ సమస్యే తలెత్తదు.

6. తెలుగు ఏర్పాట్లు:

పరిశోధన ఉపాధుల సిద్ధాంతగ్రంథాలను ఎలక్ట్రానిక్ రూపంలో కూడా సమర్పించాలని యూజీసీ 2009 నిబంధనలు నిర్దేశించాయి. అను వంటి సంకేతరీతిలోని పీడీఎఫ్‌లో తెలుగు పదాన్ని వెదకడం సాధ్యం కాదు. యూనికోడ్‌లోనే అది సాధ్యం. లినక్స్ పంపిణీలన్నీ యూనికోడ్ తెలుగును చక్కగా ఆదరిస్తాయి. ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరిక అన్నింటిలో ఉంది. ఉచ్చారణానుగుణమైన అమరికలు ఐబస్ ద్వారా చేర్చుకోవచ్చు. అన్ని పంపిణీలలోనూ ఒకే అమరికను పెట్టుకోకపోతే వేళ్లు తడబడతాయి.

అక్షరరూపాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒక పంపిణీలో అప్రమేయ తెలుగు ఫాంటు లోహిత్ కావచ్చు, మరొకదానిలో నోటో కావచ్చు. వాటి వెడల్పు, పంక్తుల ఎత్తు వేరు. ఒకే ప్రకరణం ఒక పంపిణీలో నలభై పుటలు, మరొకదానిలో నలభైనాలుగు పుటలు కావచ్చు. విషయసూచికలోని పుటసంఖ్యలన్నీ తారుమారవుతాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు, సిలికానాంధ్ర వెలువరించిన మండలి, రామభద్ర వంటి ఫాంట్లు స్వేచ్ఛగా లభిస్తున్నాయి. వాటిలో ఒకదానిని నిర్ణయించుకొని, ఆ ఫైల్‌ను ఉమ్మడి పార్టిషన్‌లో ఉంచి, అన్ని పంపిణీలలో అదే ప్రతిని స్థాపించుకోవాలి. లక్ష్మి, రాష్ట్రం, జ్యోత్స్న వంటి సంయుక్తాక్షర పదాలను ప్రతి పంపిణీలో టైపుచేసి చూస్తే వత్తులు సరిగా కూడుతున్నాయో లేదో తెలిసిపోతుంది. లిబ్రేఆఫీస్ 2017లో వచ్చిన 5.3 రూపం నుండి అన్ని వేదికలపైనా హార్ఫ్‌బజ్ అనే అక్షరసంయోజన యంత్రాంగాన్నే వాడుతున్నందున ఇటీవలి పంపిణీల మధ్య ఈ తేడాలు బాగా తగ్గాయి. ముద్రిత గ్రంథాల నుండి పాఠాన్ని సేకరించేవారికి టెసరాక్ట్ అక్షర గుర్తింపు సాధనం తెలుగు నమూనాతో సహా పంపిణీల భాండాగారాలలోనే దొరుకుతుంది.

7. తొలగింపు:

స్థాపనను వివరించే రచనలు తొలగింపును సాధారణంగా విస్మరిస్తాయి. పరీక్ష ముగిసిన పంపిణీని తీసివేయడమంటే దాని పార్టిషన్‌ను చెరిపివేయడం మాత్రమే కాదు. పట్టికను చూపుతున్న గ్రబ్ ఆ పంపిణీదే అయితే, పార్టిషన్ పోగానే తరువాతి ఆరంభంలో గ్రబ్ రెస్క్యూ అనే నల్లని తెర మిగులుతుంది. కనుక ముందుగా కొనసాగించదలచిన పంపిణీని ఫర్మ్‌వేర్ వరుసలో మొదటికి తెచ్చి, ఒకసారి యంత్రాన్ని ఆపి తెరిచి, అదే వస్తున్నదని నిర్ధారించుకోవాలి. ఆ తరువాతే పార్టిషన్‌ను తొలగించి, ఈఎస్‌పీలోని దాని ఫోల్డర్‌ను, ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ సాధనంతో ఫర్మ్‌వేర్ జాబితాలోని దాని పేరును తీసివేయాలి. బయోస్ యంత్రంలోనైతే నిలిచే పంపిణీ నుండి గ్రబ్‌ను తొలి సెక్టారులోకి తిరిగి స్థాపించిన తరువాతే చెరపడం మొదలుపెట్టాలి. ఎంబీఆర్ విస్తృత పార్టిషన్‌లోని ఉపవిభాగాన్ని తొలగిస్తే దాని తరువాతి వాటి సంఖ్యలు మారతాయి. మిగిలిన పంపిణీల ఎఫ్‌స్టాబ్‌లో సంఖ్యలకు బదులు యూయూఐడీలు ఉన్నాయో లేదో ముందే చూసుకొంటే ఆ మార్పు వాటిని తాకదు.